సాఫ్ట్‌వేర్ ఇచ్చారు, అంకెలు కూడా ఇప్పించండి

భారత సెమీకండక్టర్ మిషన్, అంతరిక్ష శాఖ, అణుశక్తి శాఖల అధికారులకు నమస్కారం.

ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నానని ఏమీ అనుకోకండి. రేడియేషన్ తగిలితే మన దేశంలో తయారైన ట్రాన్సిస్టర్ ఎలా మారుతుందో కొలిచిన అంకెలు కావాలి నాకు. అవి, వాటిని కొలిచే సౌకర్యాలు మీ ముగ్గురి దగ్గరా తలా ఒక ముక్కగా ఉన్నాయి. విడివిడిగా రాస్తే ‘ఇది మా పరిధిలోకి రాదు’ అని మూడు జవాబులు వస్తాయేమోనని నా భయం.

నేనొక ఇంజనీరింగ్ కాలేజీలో ఎంటెక్‌లో వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్పుల డిజైన్, చదివే పిల్లలకు పాఠాలు చెబుతాను. రేడియేషన్‌ను తట్టుకునే చిప్పుల్ని కంప్యూటర్ మీద ఎలా డిజైన్ చేయాలన్నది నేను చెప్పే వాటిలో ఒకటి. ఏడాదికి ఇద్దరో ముగ్గురో దాని మీద ప్రాజెక్టు తీసుకుంటారు. మిగతావాళ్లు ఉద్యోగాలు ఎక్కువున్న వెరిఫికేషన్ (డిజైన్‌లో తప్పులు పట్టే పని) వైపు వెళ్తారు. వాళ్లని తప్పు పట్టను.

2025 నవంబర్ చివర్లో ఒక విద్యార్థి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. “సార్, ఎండ దెబ్బకి విమానం కంప్యూటర్ కూడా పాడైపోతుందా? టీవీలో అదే చెబుతున్నారు” అని. అంతకు నెల ముందు, అక్టోబర్ 30న, మెక్సికోలోని కాన్‌కూన్ నుంచి అమెరికాలోని న్యూవార్క్ వెళ్తున్న ఒక ఏ320 విమానం గాల్లో ఉన్నట్టుండి కిందికి జారింది. కొందరు ప్రయాణికులకు దెబ్బలు తగిలాయి. నవంబర్ 28న ఎయిర్‌బస్ కారణం చెప్పింది. తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల ఫ్లైట్ కంట్రోల్‌కు కావాల్సిన డేటా చెడిపోయే ప్రమాదం ఉందట. ప్రపంచమంతా కలిపి దాదాపు 6,000 విమానాలకు సాఫ్ట్‌వేరో హార్డ్‌వేరో మార్చాల్సి వచ్చింది. మన ఇండిగో, ఎయిరిండియా విమానాలు కూడా అందులో ఉన్నాయి. ఎండ కాదండీ, కంటికి కనపడని కణాలు అని ఆయనకు చెప్పాను. “అంత చిన్న కణం అంత పెద్ద విమానాన్ని ఊపేస్తుందా” అన్నారు. ఊపేది కణం కాదు. అది చిప్పులో ఒక సున్నాను ఒకటి చేస్తుంది, మిగతా పని ఆ తప్పుడు అంకెను నమ్మిన కంప్యూటర్ చేస్తుంది.

భూమికి పది కిలోమీటర్ల ఎత్తులోనే ఇలా ఉంటే, వాతావరణం అనే దుప్పటి దాటిపోయిన ఉపగ్రహం సంగతి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ చిప్పుకు రెండు రకాల కష్టాలు. ఒకటి పిడుగు లాంటిది. ఒక్క బరువైన అయాన్, అంటే విద్యుదావేశమున్న కణం, దూసుకుపోయి బిట్ మార్చేస్తుంది. ఖర్మ కాలితే లాచప్ అయి, అంటే లోపల కరెంటు అదుపు లేకుండా పారి, చిప్పు మొత్తం మాడిపోతుంది. రెండోది చెద లాంటిది. ఏళ్ల తరబడి పడే రేడియేషన్ మోతాదు ట్రాన్సిస్టర్‌లోని ఆక్సైడ్ పొరల్లో చార్జ్‌గా పేరుకుని, ట్రాన్సిస్టర్ ఆఫ్ అయినా కరెంటు కారుతూనే ఉండేలా చేస్తుంది. ఈ రెండింటినీ తట్టుకునేలా చిప్పు గీయడం, గీసింది నిలుస్తుందో లేదో తయారీకి ముందే కంప్యూటర్‌లో చూసుకోవడం మా పని.

ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పాలి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. పదేళ్ల కిందట ఒక మామూలు కాలేజీలో చిప్పులు డిజైన్ చేసే అసలైన ఈడీఏ సాఫ్ట్‌వేర్ ఉండటమంటే మేనేజ్‌మెంట్ దయ. చిప్స్ టు స్టార్టప్ పథకం వచ్చాక, బెంగళూరు సీ-డాక్‌లోని చిప్‌ఇన్ సెంటర్ ద్వారా సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ టూల్స్ కాలేజీలకు అందుతున్నాయి. పరిశ్రమలో ఇంజనీర్లు వాడేవే మా పిల్లలూ వాడుతున్నారు. వంటగదిలో గిన్నెలన్నీ మెరిసిపోతున్నాయి. సరుకులే లేవు.

ఎందుకంటున్నానో ఒక సంగతి చెబుతాను. అయాన్ తగిలినప్పుడు ఏమవుతుందో స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్‌లో చూడాలంటే, సర్క్యూట్‌లో తగిలిన చోట ఒక కరెంట్ పల్స్ పెడతాం. అది చప్పున లేచి, నెమ్మదిగా దిగుతుంది. ఎంత వేగంగా లేస్తుంది, ఎంత నెమ్మదిగా దిగుతుంది అనే రెండు టైము అంకెలు, మొత్తం చార్జ్ ఎంత అనే ఒక అంకె ఇస్తే సిమ్యులేషన్ నడుస్తుంది. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి అడిగింది, “సార్, ఈ రెండు టైము అంకెలు ఎక్కడివి?” అని. ఫలానా పేపర్లో ఉన్నాయమ్మా అన్నాను. “ఆ పేపర్ వాళ్లకి ఎక్కడివి?” అంది. ఇద్దరం కూర్చుని వెతికాం. ఆ పేపర్ ఇంకో పేపర్‌ని చూపించింది, అది మరో పేపర్‌ని. చివరికి తేలింది ఏమిటంటే, ఆ అంకెలు మాది కాని ప్రాసెస్‌వి (చిప్పు తయారీ పద్ధతివి), మాది కాని దేశంవి, మాకంటే ముందు తరం ట్రాన్సిస్టర్‌వి. పక్కింటివాడు పుట్టిన టైముతో మనవాడికి జాతకం రాసినట్టుంది. ఆ జాతకంతోనే అంతకుముందు నాలుగు బ్యాచ్‌లకు నేను మార్కులు వేశాను.

పోనీ, పల్స్‌ని ఊహించకుండా లెక్కగట్టుదామా? అందుకు టీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ట్రాన్సిస్టర్‌ని మూడు కొలతల్లో గీసి, దానిలోంచి అయాన్‌ని పంపి, పుట్టిన ఎలక్ట్రాన్లు, హోల్స్ ఎటు పరిగెడతాయో చూడొచ్చు. భౌతికశాస్త్రం స్పష్టంగానే ఉంది. సిలికాన్‌లో ప్రతి 3.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తికి ఒక జత పుడుతుంది. ఎల్‌ఈటీ, అంటే అయాన్ దారిలో వదిలే శక్తి కొలత, 97 ఉన్న అయాన్ ఒక మైక్రాన్ దూరానికి ఒక పికోకూలంబ్ చార్జ్ వదులుతుంది. అందులో సర్క్యూట్‌లోని ఆ చోటు (నోడ్) ఎంత లాక్కుంటుందనేది మాత్రం కింద వెల్ అనే పొర ఎంత లోతుంది, డోపింగ్ (సిలికాన్‌లో కలిపిన మలినాలు) ఎలా ఉంది అనేదాన్ని బట్టి ఉంటుంది. అవి ఫౌండ్రీ, అంటే చిప్పుల ఫ్యాక్టరీ, రహస్యాలు. రహస్యం కాకూడదని నేను అనడం లేదు. అవి లేకుండా పిల్లలు టీక్యాడ్‌లో గీసే ట్రాన్సిస్టర్ పాఠ్యపుస్తకంలో బొమ్మ లాంటిదని మాత్రం చెప్పాలి. రంగురంగుల బొమ్మలొస్తాయి, వైవాలో బాగుంటాయి.

ఇంకో పిల్లవాడి కథ. ట్రిపుల్ మాడ్యులర్ రిడండెన్సీ అని పాత ఉపాయం ఒకటుంది. ఒక బిట్‌ను దాచుకునే ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్ బదులు మూడు పెట్టి, మెజారిటీ ఏది చెబితే అది తీసుకోవడం. పంచాయతీలో ముగ్గురు పెద్దమనుషులన్నమాట. ఆ పిల్లవాడు చిప్పును వర్ణించే వెరిలాగ్ భాషలో శ్రద్ధగా మూడేసి రాశాడు. సిమ్యులేషన్‌లో తప్పులు పెట్టి చూశాడు, అన్నింటినీ దిద్దుకుంది. తీరా సింథసిస్ (ఆ కోడ్‌ను టూల్ గేట్లుగా మార్చడం) అయ్యాక ఏరియా రిపోర్ట్ చూస్తే సైజు దాదాపు మొదట ఎంతో అంతే! టూల్ దృష్టిలో ఒకే పని చేసే ఫ్లిప్‌ఫ్లాప్‌లు మూడెందుకు? రెండు దండగ. తీసేసి మనకు మేలు చేశాననుకుంది. వాటి జోలికి పోవద్దని టూల్‌కి కట్టడి పెట్టాక, ప్లేస్‌మెంట్ దగ్గర, అంటే ఏది ఎక్కడుండాలో నిర్ణయించే దగ్గర, ఇంకో చిక్కు. వైరు తక్కువ పడుతుందని మూడింటినీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. ఒక్క అయాన్ ఏటవాలుగా వస్తే ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి అబద్ధం చెబుతారు, మెజారిటీ వాళ్లదే. మరి ఎంత దూరం జరపాలి? అయిదు మైక్రాన్లా, పదిహేనా? మళ్లీ అదే ప్రశ్న. ఆ ప్రాసెస్‌లో చార్జ్ ఎంత దూరం పాకుతుందో కొలిచినవాళ్లకే తెలుస్తుంది.

మామూలు వాడకానికి చేసిన టూల్స్‌కి మా అవసరం తెలియదు, వాటి తప్పు కాదు. మోతాదు దెబ్బ నుంచి కాపాడటానికి ట్రాన్సిస్టర్‌లో గేటుని (కరెంటును ఆపి వదిలే భాగం) డ్రెయిన్ (కరెంటు దారిలో ఒక కొస) చుట్టూ ఉంగరంలా చుట్టేసే పద్ధతి ఉంది. అలా చుడితే కరెంటు కారడానికి అంచంటూ ఉండదు. లేఅవుట్ అంతా గీశాక, గీసిన బొమ్మలోంచి కొలతలు తీసే ఎక్స్‌ట్రాక్షన్ టూల్ ఆ ఉంగరాన్ని చూసి దాని వెడల్పు, పొడవు సరిగ్గా చెప్పలేక చేతులెత్తేస్తుంది. దానికి విడిగా ఫార్ములా కావాలి, ఆ ఫార్ములాని నిజం చిప్పు మీద సరిచూసుకోవాలి.

యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ ఈ తిప్పలన్నీ పాతికేళ్ల కిందటే పడింది. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో డిటెక్టర్ల పక్కనే పెట్టాల్సిన చిప్పులకు వచ్చే మోతాదు చాలా ఉపగ్రహాలకు వచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రేడియేషన్‌ను తట్టుకునే మిలిటరీ రాడ్-హార్డ్ చిప్పులు కొనాలంటే ఖరీదు, ఆంక్షలు. అందుకని 1990ల చివర్లో బజార్లో దొరికే 0.25 మైక్రాన్ ప్రాసెస్‌నే తీసుకుని, దాని మీద టెస్ట్ ట్రాన్సిస్టర్లు వేసి, రేడియేషన్‌లో పెట్టి కొలిచి, ఉంగరం గేట్లతో ఒక సెల్ లైబ్రరీ (రెడీమేడ్ చిన్న సర్క్యూట్ల సంపుటి) తయారు చేశారు. తమ ప్రయోగాల్లో పాలుపంచుకునే సంస్థల డిజైనర్లకు దాన్ని ఇచ్చారు. ఇప్పటికీ అదే పద్ధతి. వెరిలాగ్‌ని తీసుకుని మూడేసి చేసిపెట్టే టీఎంఆర్‌జీ అనే టూల్‌ని కూడా వాళ్లే రాసి బయటపెట్టారు. మా వాడు ఏరియా రిపోర్ట్ చూసి నెత్తి పట్టుకున్నాక మేం వాడింది అదే. యూరప్ అంతరిక్ష సంస్థ కోసం బెల్జియంలోని ఐమెక్ ఇలాంటి పనే 180 నానోమీటర్ కమర్షియల్ ప్రాసెస్ మీద చేసి, డేర్ అనే లైబ్రరీ తెచ్చింది. నాసా గొడ్డార్డ్ కేంద్రం వాళ్లు తాము పరీక్షించిన చిప్పుల ఫలితాలను ఏటా సంకలనంగా ప్రచురిస్తారు. ఏ చిప్పు ఎన్ని కిలోర్యాడ్‌ల (రేడియేషన్ మోతాదు కొలత, వెయ్యి ర్యాడ్‌లు) దగ్గర చెడింది, ఏది లాచప్ అయింది అన్నీ అందులో ఉంటాయి. మా పిల్లలకు అమెరికాలో పరీక్షించిన చిప్పు గురించి తెలిసినంత మొహాలీలో తయారైన ట్రాన్సిస్టర్ గురించి తెలియదు.

మొహాలీ అంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబర్ 2న సెమికాన్ ఇండియా సభలో విక్రమ్-3201 చిప్పుని ప్రధానికి అందజేస్తుంటే మా డిపార్ట్‌మెంట్‌లో క్లాసు ఆపి చూశాం. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం, మొహాలీలోని ప్రభుత్వ చిప్పుల ఫ్యాక్టరీ ఎస్‌సీఎల్ కలిసి చేసిన 32 బిట్ ప్రాసెసర్ అది. తయారైంది 180 నానోమీటర్లలో. సోషల్ మీడియాలో కొందరు ‘మా ఫోన్‌లో 3 నానోమీటర్లు, ఇదేం గొప్ప’ అని వెటకారం చేశారు. రాకెట్‌లో వాడేదానికి మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా తట్టుకోవాలి, కణాలకు జడవకూడదు, అయిదేళ్ల తర్వాత కూడా అదే చిప్పు దొరకాలి. వాళ్ల ఫోన్‌కి ఆ టెన్షన్ లేదు. పీఎస్‌ఎల్‌వీ-సీ60తో 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లి, అంతరిక్షంలో పనిచేసి చూపించాకే ఆ చిప్పు వేదికెక్కింది.

ఇంతదాకా వచ్చిన దేశం దగ్గర అంకెలు లేకుండా ఉంటాయా? కొలవకుండా ఇలాంటి చిప్పు రాదు. నేను అడిగేది ఆ కొలతల్లో కొన్ని.

రహస్యం అంటారని తెలుసు. 1990ల మొదట్లో రాకెట్ క్రయోజెనిక్ ఇంజన్ విషయంలో, అమెరికా ఒత్తిడితో రష్యా టెక్నాలజీ ఇవ్వకుండా ఆగిపోయినప్పుడు, మనకు జరిగింది మా తరం మర్చిపోలేదు. ఇవ్వనన్నవాళ్ల ముందు మనం నిలబడ్డాం, ఇప్పుడు మన గుట్టు ఎవరికో ఎందుకు చెప్పాలి అనిపించడం సహజం. అందుకే విక్రమ్ డిజైన్ అడగడం లేదు, డోపింగ్ ప్రొఫైల్ అడగడం లేదు. 180 నానోమీటర్ ట్రాన్సిస్టర్ 50 కిలోర్యాడ్‌లు, 100 కిలోర్యాడ్‌లు తిన్నాక థ్రెషోల్డ్ వోల్టేజ్ (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజ్) ఎంత జరిగింది, లీకేజ్ ఎంత పెరిగింది అనేది స్పైస్ మోడల్ ఫైలుగా చేసి ఇవ్వండి. ఇప్పుడు మాకు స్లో, ఫాస్ట్ అని కార్నర్లు (ట్రాన్సిస్టర్ తేడాలను చూపే మోడళ్లు) వస్తున్నట్టే, ‘రేడియేషన్ తిన్నది’ అని ఒక కార్నర్. కావాలంటే ఎన్‌క్రిప్ట్ చేసి ఇవ్వండి, చదవలేకపోయినా నడుపుకుంటాం. అయాన్ తగిలితే పల్స్ ఎలా ఉంటుందో నాలుగైదు ఎల్‌ఈటీలకు ఒక పట్టిక ఇవ్వండి. రెండు సెల్స్ మధ్య కనీసం ఎంత ఎడం ఉండాలో ఒక్క అంకె ఇవ్వండి.

గీత ఎక్కడ గీయాలో కూడా కొత్తగా ఆలోచించక్కర్లేదు. అమెరికా ఎగుమతి నిబంధనల్లో రాడ్-హార్డ్ చిప్పును గుర్తించడానికి అయిదు కొలతలు రాసి పెట్టారు. మొదటిది మోతాదు, 5 లక్షల ర్యాడ్‌లు. మిగతావాటిలో అణు విస్ఫోటనం లాంటి పరిస్థితుల్లో తట్టుకోవడానికి సంబంధించినవి ఉన్నాయి. అలాంటివి మాకు అక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. ఎగుమతులను నియంత్రించే మన స్కోమెట్ జాబితా మనకుంది. భూమికి దగ్గరగా తిరిగే చిన్న ఉపగ్రహానికి లక్ష ర్యాడ్‌ల దాకా తెలిస్తే చాలు. కాలేజీలకు, స్టార్టప్‌లకు అక్కడిదాకా తెరవండి.

స్టార్టప్‌లు అన్నాను కాబట్టి ఒక మాట. హైదరాబాద్‌లో ధ్రువ స్పేస్ ఉపగ్రహాలు చేస్తోంది, స్కైరూట్ రాకెట్లు చేస్తోంది. ఇలాంటి కంపెనీలు రేపు చిన్న చిన్న సొంత చిప్పులు గీయించుకోవాలనుకుంటే గీసేవాళ్లు కావాలి కదా. ఊహించిన అంకెలతో చదువుకున్న పిల్లవాడు ఆ ఉద్యోగంలో చేరితే వాడి మీద వాడికున్న ధీమాయే ప్రమాదం. సిమ్యులేషన్ అస్సలు చేయనివాడు కనీసం భయపడతాడు.

కొలతకు ముందు సిమ్యులేషన్ ఎంత మోసం చేయగలదో ఈ రంగంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. బైపోలార్ అనే రకం చిప్పులు కొన్ని, మోతాదు గబగబా ఇస్తే బాగానే ఉంటాయి, అదే మోతాదు నెమ్మదిగా ఇస్తే ఎక్కువ చెడతాయి. మామూలు బుద్ధికి ఇది తలకిందులు. కక్ష్యలో పడేది నెమ్మదిగానే. ల్యాబ్‌లో గంటలో ముగించే పరీక్షలో పాసైన భాగం పైకెళ్లి ఫెయిల్ కావచ్చు. 1990ల మొదట్లో ఇది బయటపడింది కొలవడం వల్లే. మోడళ్లు దాన్ని తర్వాత నేర్చుకున్నాయి.

ఇక బీమ్, అంటే పరీక్షకు చిప్పు మీద పడే కణాల ధార, సంగతి. మోతాదు పరీక్షకు కోబాల్ట్-60 చాలు. వైద్య పరికరాల స్టెరిలైజేషన్‌కో, విత్తనాల మీద పరిశోధనకో వాడే గామా చాంబర్లు దేశంలో చాలాచోట్ల ఉన్నాయి, అణుశక్తి శాఖవాళ్లే తయారు చేస్తారు. అయాన్ పరీక్షకు మాత్రం యాక్సిలరేటర్ కావాలి. ముంబై టీఐఎఫ్‌ఆర్ ఆవరణలో పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్ ఉంది, ఢిల్లీలో విశ్వవిద్యాలయాల కోసమే పెట్టిన ఐయూఏసీలో ఇంకోటి ఉంది, కోల్‌కతాలో సైక్లోట్రాన్లు ఉన్నాయి. ఫ్యాబ్, అంటే మొహాలీ చిప్పుల ఫ్యాక్టరీ, ఉన్నది ఐటీ శాఖ కింద, ఉపగ్రహం అంతరిక్ష శాఖ కింద, పెల్లెట్రాన్ ఒకటి అణుశక్తి కింద, ఒకటి యూజీసీ కింద. మా ప్రాజెక్టుకి ఉన్న టైము ఏడాది.

ఒకసారి మేమూ వెళ్లాం. ఎక్కడికో చెప్పను, ఎందుకంటే తప్పంతా మాదే. ఆ బీమ్‌లో అయాన్లు సిలికాన్‌లోకి కొన్ని పదుల మైక్రాన్లే వెళ్తాయి, అంటే చిప్పు మీద మూత ఉంటే లోపలిదాకా చేరవు. యాసిడ్‌తో ప్యాకేజ్ తెరవాలి. మూడు చిప్పులు పట్టుకెళ్లాం. ఒకటి తెరిచేటప్పుడే బాండ్ వైర్లు పోయాయి. రెండోది వాక్యూమ్ చాంబర్‌లో పెట్టాక తెలిసింది, మా బోర్డు కనెక్టర్, అక్కడి కనెక్టర్ కలవవని. మూడోది లాచప్ అయింది, కరెంట్ లిమిట్ పెట్టడం మర్చిపోయాం, మాడిపోయింది. తిరుగు రైల్లో పిల్లలు ఏమీ మాట్లాడలేదు. ఆ వాసన మాత్రం వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది, ఇంకెప్పుడూ కరెంట్ లిమిట్ మర్చిపోరు. పక్కన అనుభవమున్న ఒక్క మనిషి ఉండి ఉంటే ముందురోజే అవన్నీ చూసి చెప్పేవారు. అందుకే బీమ్ టైమ్ కేటాయించడంతోపాటు, అందరికీ పనికొచ్చే ఒక స్టాండర్డ్ టెస్ట్ బోర్డు, తెరిచిపెట్టిన ప్యాకేజీలు, ఒక మెంటర్ ఉండేలా చూడండి. ఏడాదికి రెండుసార్లు, ఒక వారం చొప్పున, దేశంలోని కాలేజీలన్నింటికీ కలిపి. ఒక్క దరఖాస్తు, ఒక్క చోట.

ఇంకొకటి, ఇది దాదాపు ఖర్చు లేనిది. పిల్లల డిజైన్లను ఒకే వేఫర్ (సిలికాన్ పళ్లెం) మీద కలిపి వేసే ఎంపీడబ్ల్యూ అంటే షేర్ ఆటో లాంటిది. ప్రతి ట్రిప్పులో ఒక మూల సీటు రేడియేషన్ టెస్ట్ ట్రాన్సిస్టర్లకు ఉంచండి. మామూలు గేటుది ఒకటి, ఉంగరం గేటుది ఒకటి, వేర్వేరు దూరాల్లో పెట్టిన ఫ్లిప్‌ఫ్లాప్‌ల వరుస ఒకటి. ఆ ముక్కల్ని కాలేజీలకు పంచండి. కొలిచే పని మాకు వదిలేయండి, ఫలితాలు మీకు పంపుతాం. అయిదేళ్లలో ఏ లాట్‌లో (తయారీ విడతలో) ఏం మారిందో మీ దగ్గర కూడా లేనంత డేటా పోగవుతుంది. కూలి లేకుండా కొలిచిపెట్టే వేలమంది పిల్లలు ఇంకే దేశానికి దొరుకుతారు?

2017 నుంచి మన దేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలు. మన శాస్త్రవేత్తలు అక్కడ ఇదే పద్ధతిలో పనిచేసి వస్తున్నారు. వాళ్లలో ఇద్దరిని, మీ మూడు శాఖల నుంచి తలా ఒకరిని ఒక గదిలో కూర్చోబెడితే ఏ ఫైలు ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో ఒక వారంలో తేలుతుందని నా నమ్మకం.

ఆ అమ్మాయి ఎంటెక్ అయిపోయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. థీసిస్‌లో ఆ రెండు టైము అంకెల పక్కన ఒక ఫుట్‌నోట్ రాసింది, ఈ విలువలు మా ప్రాసెస్‌వి కావు అని. తీసేయమ్మా, ఎగ్జామినర్ అడుగుతారు అన్నాను. తీయలేదు. వైవాలో ఎగ్జామినర్ అడగనే అడిగారు, “మరి మీ ప్రాసెస్‌వి ఎంత?” అని. ఆమె నా వైపు చూసింది.

జులైలో కొత్త బ్యాచ్ ప్రాజెక్టులు మొదలుపెడుతుంది. ఈసారి ఇద్దరు ఇదే టాపిక్ కావాలని ఇప్పటికే పేర్లిచ్చారు.

ఇట్లు,
ఒక వీఎల్‌ఎస్‌ఐ అధ్యాపకుడు